హాల్లో మొక్కలు మూడు నెలలకే పోతున్నాయి, ఏం పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో మూడో అంతస్తులో తూర్పు ఫేసింగ్ ఫ్లాట్, రెండు బెడ్‌రూములు. హాలు అందంగా ఉండాలని ఆరు మొక్కలు తెచ్చారు: ఒక ఫిడిల్ లీఫ్, రెండు క్రోటన్లు, ఒక అరేకా పామ్, ఒక పీస్ లిల్లీ, ఒక తులసి. రోజూ మర్చిపోకుండా నీళ్లు పోశారు. మూడు నెలల్లో నాలుగు పోయాయి, మిగిలిన అరేకాకీ పీస్ లిల్లీకీ ఆకుల కొనలు ఎండుతున్నాయి. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. ₹5,000 లోపల మళ్లీ మొదలుపెడితే ఏవి పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మొక్కను కాదు, చోటును ముందు ఎంచుకోండి. ఆ చోట ఎంత వెలుతురు పడుతుందో చూసుకుని, అంత వెలుతురులో బతికే మొక్క తెచ్చుకోండి. ఆరు చిన్న కుండీలు వద్దు, ఒక పెద్ద మొక్క, రెండు మూడు మధ్యరకం మొక్కలు ఉంటే మీ హాలుకు చాలు. రోజూ నీళ్లు పోయడం ఇవాళే ఆపేయండి. మీరు రాసినదాన్ని బట్టి ఫిడిల్ లీఫ్ నీళ్లెక్కువై పోయింది, క్రోటన్లు, తులసి ఎండ చాలక పోయాయి. మీ చెయ్యి మంచిది కాదేమో అని రాశారు చూడండి, అది మాత్రం మనసులోంచి తీసేయండి. అలా అనుకుని మొక్కలు మానేసిన వాళ్లను చాలామందిని చూశాను, ఒక్కరి విషయంలో కూడా తప్పు చేతిది కాదు.

మాది నర్సరీలకు పేరున్న కడియం పక్క ఊరు. మా నాన్న నర్సరీల్లో అంట్లు కట్టేవారు, నేను పద్దెనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో ఇళ్లకూ ఆఫీసులకూ మొక్కలు పెట్టి, వారం వారం వెళ్లి చూసుకునే పని చేస్తున్నాను. కింద చెప్పేవన్నీ ఆ పనిలో చూసినవే.

తూర్పు ఫేసింగ్ అన్నారు కదా, చాలామంది ఇక్కడే పొరపడతారు. మన దగ్గర ఫేసింగ్ అంటే గుమ్మం ఏ దిక్కున ఉందో చెప్పే మాట, వెలుతురు ఎటునుంచి వస్తుందో చెప్పే మాట కాదు. అపార్ట్‌మెంట్లో తూర్పు గుమ్మం తెరిస్తే ఎదురుగా కారిడారో, లిఫ్టో ఉంటుంది. పొద్దుటి ఎండ అక్కడే ఆగిపోతుంది. హాల్లోకి వచ్చే వెలుతురంతా బాల్కనీ తలుపు నుంచి వస్తుంది, ఆ బాల్కనీ పడమరకో దక్షిణానికో ఉండొచ్చు, ఎదురుగా పది అడుగుల్లో పక్క బిల్డింగ్ గోడ కూడా ఉండొచ్చు. కాబట్టి దిక్కులు పక్కన పెట్టి ఈ చిన్న పరీక్ష చేయండి. పగలు పదకొండు, పన్నెండు మధ్య లైట్లన్నీ ఆపేసి, మొక్క పెడదామనుకున్న చోట ఒక తెల్లకాగితం పరిచి, దాని మీద జానెడు ఎత్తున చెయ్యి చాపండి. నీడలో అయిదు వేళ్లూ విడివిడిగా, గీత గీసినట్టు కనిపిస్తే మంచి వెలుతురు ఉన్నట్టు. చెయ్యి అని తెలుస్తూ అంచులు మసకగా ఉంటే మధ్యరకం. నీడ పడీ పడనట్టుంటే తక్కువ వెలుతురు, అక్కడ ఒకటి రెండు రకాలే బతుకుతాయి. అసలు నీడే పడకపోతే అక్కడ ఇత్తడి బొమ్మ పెట్టుకోండి, మొక్క వద్దు.

ఈ తేడా మన కంటికి ఎందుకు తెలియదంటే కన్ను చీకటికి సర్దుకుంటుంది. వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. నడినెత్తి ఎండలో 1,00,000 లక్స్ దాకా ఉంటుంది, బయట చెట్టు నీడలో కూడా కొన్ని వేల లక్స్ ఉంటుంది, అదే హాల్లో సోఫా పక్క మూలలో ఫోన్ యాప్‌తో కొలిస్తే వంద, రెండొందలు. మనకు "బాగానే వెలుతురుగా ఉంది" అనిపించే చోట మొక్క ఆకలితో ఉంటుంది. పైగా దోమల మెష్ వేసిన కిటికీ అయితే వచ్చే వెలుతురులో కొంత దానికే పోతుంది, మెష్ దుమ్ము పట్టి ఉంటే ఇంకా పోతుంది. కిటికీ నుంచి ప్రతి అడుగూ లోపలికి జరిపే కొద్దీ వెలుతురు బాగా పడిపోతుంది, మూడడుగుల్లో ఉన్న మొక్కకూ తొమ్మిది అడుగుల్లో ఉన్న మొక్కకూ పోలికే లేదు.

అందుకే మీ హాలును ఇలా విడదీసుకోండి. బాల్కనీ తలుపు నుంచి మూడు నాలుగు అడుగుల లోపు: అరేకా, రబ్బరు మొక్క, కర్రకు ఎక్కించిన మనీప్లాంట్. అక్కడి నుంచి లోపలికి, సోఫా దాకా: సింగోనియం, అగ్లోనీమా, పీస్ లిల్లీ, స్పైడర్ ప్లాంట్. టీవీ వైపు మూల, గుమ్మం దగ్గర షూ ర్యాక్ పక్కన, ఇలాంటి చోట్ల స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్. ఈ రెండూ అక్కడ బతుకుతాయి, అంతే, పెద్దగా పెరగవు, ఏడాదికి రెండు మూడు చిగుర్లు వేస్తే గొప్ప. తులసి, మందార, గులాబీ, క్రోటన్లు హాల్లోకి తేవద్దు. తులసికి కోట ఇంటి ముందు ఆరుబయట కట్టింది ఎండ కోసం కూడా. క్రోటన్ రంగులన్నీ ఎండ ఇచ్చినవే, లోపల పెడితే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి, పాతవి రాలిపోతాయి, చివరికి కర్ర మిగులుతుంది. మీకు జరిగింది అదే.

ఇక అలంకరణ సంగతి. మియాపూర్‌లో ఒక ఇంటికి వెళ్తే హాల్లో ఇరవై రెండు కుండీలున్నాయి. టీవీ పక్కన, ఫ్రిజ్ మీద, కిటికీ గట్టు మీద, టీపాయ్ కింద, ఎక్కువ నాలుగంగుళాల కుండీలే, ఒక్కోటి ఒక్కో రంగు. ఆవిడ ఎంతో ఇష్టంగా చూసుకుంటున్నారు, కానీ గుమ్మంలో నిలబడితే కన్ను ఒక్కచోట ఆగదు. పదిహేను తీసి బాల్కనీలో స్టాండు మీద పెట్టాం. లోపల ఏడు ఉంచాం, వాటిలో మూడింటిని ఒకే మూలకు చేర్చాం: వెనక నడుం దాటిన అరేకా, దాని ముందు మోకాలెత్తు అగ్లోనీమా, పక్కన స్టూలు మీంచి కిందికి జారే మనీప్లాంట్. కొత్తగా ఒక్క మొక్కా కొనలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన వాళ్లాయన "కొత్తవి తెచ్చావా" అని అడిగారట.

ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. ఎత్తులు మూడు రకాలుగా ఉండాలి, ఆకులు ఒకేలా ఉండకూడదు, కుండీలు మాత్రం ఒకే రంగులోనో రెండు రంగుల్లోనో ఉండాలి. సన్నగా చీలిన అరేకా ఆకు పక్కన వెడల్పాటి అగ్లోనీమా ఆకు పెడితే రెండూ కనిపిస్తాయి, అరేకా పక్కన స్పైడర్ ప్లాంట్ పెడితే రెండూ గడ్డిలా కలిసిపోతాయి. గోడ లేతరంగు అయితే ముదురాకుపచ్చ రబ్బరు మొక్క బాగుంటుంది, గోడ ముదురుగా ఉంటే తెల్లచారల మనీప్లాంట్‌ వెలుగుతుంది. నాకు మట్టికుండీలంటే ప్రాణం, కానీ లోపల పాలిష్ చేసిన మార్బుల్ మీద నేరుగా పెట్టకండి, చెమ్మతో తెల్లటి వలయం పడిపోతుంది, ఎంత రుద్దినా పోదు. కింద ప్లేటు, ప్లేటు కింద చిన్న చెక్కస్టాండు ఉండాలి.

డబ్బు పెట్టి సిరామిక్ కుండీలు కొనే ముందు అటక మీద చూడండి. చాలా ఇళ్లలో అమ్మమ్మల నాటి ఇత్తడి బిందెలు, గంగాళాలు మూలన పడి ఉంటాయి. కూకట్‌పల్లిలో ఒకాయన ఇంట్లో వాళ్లమ్మగారి గంగాళం అటక మీద నల్లబడి ఉంటే దింపించి చింతపండు, ఉప్పుతో తోమించాను. అడుగున రెండు ఇటుక ముక్కలు వేసి, ప్లాస్టిక్ కుండీతో సహా అరేకాను అందులో దింపాం. సాయంత్రం బాల్కనీ ఎండ ఏటవాలుగా ఆ ఇత్తడి అంచు మీద పడితే గోడ మీద పసుపు వెలుతురు, దాని మీద అరేకా ఆకుల నీడ కదులుతూ ఉంటుంది. నేను పెట్టిన మొక్కలన్నిటిలో నాకు బాగా నచ్చింది అదే. ఒక్క జాగ్రత్త: ఇత్తడి పాత్రలో నేరుగా మట్టి వేసి నాటకండి, అడుగున చిల్లు ఉండదు కాబట్టి వేర్లు కుళ్లుతాయి. నీళ్లు పోయాలనుకున్నప్పుడు లోపలి కుండీని బయటికి తీసి, బాత్రూంలో పెట్టి బాగా తడిపి, అరగంట కారనిచ్చి మళ్లీ పెట్టండి.

మనీప్లాంట్ గురించి చాలామందికి తెలియని మాట ఒకటి. అదే తీగ కిందికి జారితే ఆకులు రానురాను చిన్నవవుతాయి, పైకి ఎక్కితే పెద్దవవుతాయి. కొబ్బరిపీచు చుట్టిన కర్ర పాతి, తీగను దానికి దారంతో కట్టి, కర్రను అప్పుడప్పుడు తడుపుతుంటే కణుపుల దగ్గర వేర్లు పీచులోకి దిగుతాయి, ఏడాదికి అరచేతికంటే పెద్ద ఆకులు వస్తాయి. బజార్లో అంత పెద్ద మొక్క కొనాలంటే చాలా పెట్టాలి.

ఇప్పుడు నీళ్లు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే నేను చూసిన చావుల్లో ఎక్కువ భాగం ఎండిపోయి కాదు, మునిగిపోయి. "రోజూ ఒక గ్లాసు", "వారానికి రెండుసార్లు" లాంటి లెక్కలు నమ్మకండి. ఏప్రిల్, మేలో ఏసీ నడిచే గదిలో మూడు రోజులకు ఆరిన కుండీ, ఆగస్టు ముసురులో పన్నెండు రోజులైనా ఆరదు. వేలు రెండు కణుపుల లోతు దాకా మట్టిలో గుచ్చండి, చల్లగా, మట్టి వేలికి అంటుకుంటూ ఉంటే పోయొద్దు. చిన్న కుండీ అయితే ఎత్తి చూడండి, నీళ్లున్న కుండీ బరువు చేతికి తెలిసిపోతుంది, రెండు వారాల్లో అలవాటవుతుంది. పోసినప్పుడు మాత్రం అడుగు చిల్లులోంచి కారేదాకా పోయాలి, పైపైన చిలకరించడం కూడా చెడ్డదే, కింది వేర్లకు అందదు. స్నేక్ ప్లాంట్, జీజీలకు మట్టి పూర్తిగా ఎండాక ఇంకా నాలుగు రోజులు ఆగండి. జీజీని కుండీలోంచి తీస్తే మట్టిలో బంగాళాదుంపల్లా దుంపలుంటాయి, నీళ్లన్నీ అక్కడ దాచుకుంటుంది. మూడు వారాలకోసారి పోసినా ఏమీ కాదు.

మీ ఫిడిల్ లీఫ్ ఇంకా పారేయకపోతే కుండీలోంచి ఊడదీసి చూడండి, ఇది ఒకసారి కళ్లారా చూస్తే మళ్లీ ఎప్పుడూ నీళ్లెక్కువ పోయరు. బతికున్న వేరు గట్టిగా, లోపల తెల్లగా ఉంటుంది. కుళ్లిన వేరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగితే పై తొక్క గోధుమరంగులో జిగురుగా చేతికి వచ్చేస్తుంది, లోపల దారం లాంటిది ఒక్కటే మిగులుతుంది. మురుగు వాసన వేస్తుంది. ఇంతలా కుళ్లాక పైన ఆకులు వాడిపోతాయి, వాడాయి కదా అని మనం ఇంకో గ్లాసు పోస్తాం. నీళ్లు చాలకపోయినా ఆకు వాడుతుంది, ఎక్కువైనా వాడుతుంది, అందుకే ఆకును చూసి నీళ్లు పోయొద్దు, మట్టిని చూసి పోయండి.

ఏ నీళ్లు అనేది కూడా ముఖ్యమే. మీరు రాయలేదు గానీ, ఆర్‌ఓ మెషిన్ నుంచి బయటికి పోయే నీళ్లు పట్టి మొక్కలకు పోస్తుంటే ఆపేయండి. వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే, కానీ ఫిల్టర్ తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి వాడుకోండి. మీ అరేకా, పీస్ లిల్లీ కొనలు ఎండడానికి కారణం ఇదో, బోరు నీళ్లో అయి ఉండటానికి అవకాశం ఎక్కువ. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, మట్టి మీదా కుండీ అంచుల మీదా తెల్లగా పేరుకుంటుంటే అదే గుర్తు. మున్సిపల్ నీళ్లు వచ్చే రోజు రెండు బకెట్లు పట్టి రాత్రంతా ఉంచి వాడండి. వానాకాలంలో కుండీలను నాలుగు గంటలు బాల్కనీలో వానకు వదిలితే మట్టిలో పేరుకున్న ఉప్పు కడిగేసినట్టు పోతుంది, ఆ తర్వాత వచ్చే చిగురు చూడండి.

నర్సరీ నుంచి తెచ్చిన రోజే కుండీ మార్చే అలవాటు ఉంటే మానండి. కడియంలో మొక్క నీడ కోసం కట్టే షేడ్‌నెట్ వల కింద, గోదావరి గాలి చెమ్మలో పెరుగుతుంది. అక్కడి నుంచి లారీలో రాత్రంతా ప్రయాణం చేసి మీ హాల్లోకి వచ్చేసరికి వెలుతురు తక్కువ, గాలి పొడి. రెండు మూడు వారాలు నాలుగైదు ఆకులు రాలుస్తుంది, టెన్షన్ పడొద్దు, ఎరువు వేయొద్దు. అది కుదురుకున్నాక, కొత్త చిగురు కనిపించాక మార్చండి. నేను వాడే మట్టి: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), ఒక పాలు వర్మికంపోస్ట్ (వానపాముల ఎరువు), గుప్పెడు వేపపిండి. స్నేక్ ప్లాంట్, జీజీలకైతే వర్మి సగానికి తగ్గించి ఆ మేరకు ముతక ఇసుక. ఉట్టి కోకోపీట్‌లో వచ్చిన మొక్కలుంటాయి, వాటికి పైన పొడిగా కనిపిస్తుంది, లోపల స్పాంజిలా తడి ఉంటుంది, వేలు గుచ్చకుండా నమ్మొద్దు.

పురుగుల గురించి రెండు ముక్కలు. ఆకు వెనక, కణుపుల్లో దూదిలా తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి. సర్జికల్ స్పిరిట్‌లో దూది ముంచి తుడవండి, వారం తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఆకులు మెరవాలని కొబ్బరినూనె, పాలు రాయకండి, దుమ్ము ఇంకా అంటుకుంటుంది. తడిబట్టతో పదిహేను రోజులకోసారి తుడిస్తే చాలు.

దోమల విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. డెంగీ దోమ ఎక్కువగా శుభ్రమైన నిలవ నీళ్లున్న పాత్రల్లో గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కుండీ కింద ప్లేటులో నీళ్లు, సీసాలో పెట్టిన మనీప్లాంట్, లక్కీ బాంబూ గిన్నె, ఇవన్నీ దానికి ఇళ్లే. వారానికోసారి నీళ్లు పారబోయడమే కాదు, గుడ్లు పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి లోపలంతా స్క్రబ్బర్‌తో రుద్దాలి.

పాప ఉంది కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. కంద తరిగితే చేతులు ఎందుకు దురద పెడతాయో, డైఫెన్‌బాకియా, మనీప్లాంట్, ఫిలోడెండ్రాన్, అగ్లోనీమా, పీస్ లిల్లీ, జీజీ ఆకులు నమిలితే నోరు అందుకే మండుతుంది. సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు వాటన్నిటిలోనూ ఉంటాయి. నోరు, పెదాలు వాస్తాయి, మింగితే గొంతు కూడా వాయవచ్చు, అప్పుడు ఇంటి చిట్కాలతో ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. డైఫెన్‌బాకియా మాత్రం పిల్లలున్న ఇంట్లో నేను పెట్టనే పెట్టను. స్నేక్ ప్లాంట్ నమిలినా వాంతులవుతాయి. మిగిలినవి అందనంత ఎత్తులో పెట్టండి. అరేకా, స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్, పెపెరోమియా, ఇవి నేల మీదున్నా ఆ భయం లేదు, కాకపోతే కుండీ లాగి మీద వేసుకోకుండా బరువుగా ఉండాలి.

గాలి శుభ్రం అవుతుందా అని చివర్లో అడిగారు. ఆ మాట ఎక్కువగా 1989 నాసా అధ్యయనం నుంచి వచ్చింది, అది మూసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో చేసిన పరీక్ష. 2019లో ఇలాంటి పరీక్షలన్నీ తిరిగి లెక్కవేసిన పరిశోధకులు, మామూలుగా ఇంట్లోకి గాలి వచ్చి పోయేంత పని మొక్కలు చేయాలంటే ఒక్కో చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. కాబట్టి గాలికి కిటికీ తీయండి, మొక్కను చూసుకునే సంతోషం కోసం పెట్టుకోండి, ఆ సంతోషం తక్కువదేమీ కాదు.

మీ ఐదు వేలకు నేనైతే ఇలా చేస్తాను. ఉన్న అరేకాను బాల్కనీ తలుపు పక్కకు జరిపి, ఇంకో మూడు నాలుగు అడుగుల అరేకా తెచ్చి (₹400 అటూఇటూ) నెల తర్వాత రెండిటినీ ఒకే పన్నెండంగుళాల కుండీలో కలిపి నాటుతాను, గుబురుగా కనిపిస్తుంది. టీవీ వైపు పాపకు అందని ఎత్తులో ఒక స్నేక్ ప్లాంట్, ₹300. బాల్కనీ తలుపుకు దగ్గరగా, పాపకు అందని ఎత్తు స్టాండు మీద కర్రకు ఎక్కించిన మనీప్లాంట్, ₹600. షెల్ఫ్ మీంచి వేలాడేలా స్పైడర్ ప్లాంట్, ₹150. మట్టికి, ఎరువుకు ₹400, కుండీలకు, స్టాండుకు ₹2,000. నర్సరీని బట్టి ధరలు కాస్త మారతాయి. పీస్ లిల్లీని బెడ్‌రూమ్ కిటికీ దగ్గర పాపకు అందని ఎత్తుకు మార్చండి. మిగిలిన డబ్బు అలాగే ఉంచండి, మూడు నెలలు కొత్త మొక్క కొనొద్దు, ఎందుకంటే ఉన్నవి ఆ చోట్లలో ఎలా ఉన్నాయో తెలిస్తేనే తర్వాతది ఏది కొనాలో తెలుస్తుంది. ప్రతి ఆదివారం కుండీలను పావు వంతు తిప్పండి, లేకపోతే మొక్క మొత్తం కిటికీ వైపు ఒరిగిపోతుంది.

అరేకా ఎండిన కొనలను కత్తెరతో ఆకు ఆకారంలోనే ఏటవాలుగా కత్తిరించండి, పచ్చభాగం దాకా వెళ్లకుండా అంచున సన్నటి ఎండు గీత ఉంచి కోయాలి, పచ్చది తగిలితే అక్కడి నుంచి మళ్లీ ఎండుతుంది. మధ్యలో ఈటెలా మూసుకుని ఉన్న కొత్త ఆకు పచ్చగా ఉందో లేదో చూసి చెప్పండి. అది పచ్చగా ఉంటే మీ అరేకా బతుకుతుంది. చేతి నీడ పరీక్ష ఫోటోలు కూడా పెడితే ఏ చోటుకు ఏది అన్నది ఇంకా కచ్చితంగా చెప్తాను.